మధ్య తప్పిన చిల్లు



ముందుగా మీకొక చిన్న పని. ఇంట్లో బీరువా మీదో, టీవీ వెనకాలో ఒక పాత పెళ్లి పత్రిక ఉంటుంది, చూడండి. పెళ్లికి పోయాం, భోజనం చేశాం, అక్షింతలు వేసి వచ్చాం. ఆ జంటకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు కూడా. పత్రిక మాత్రం మనింట్లోనే ఉంది. దాని మీద దేవుడి బొమ్మ ఉంటుంది, పారేయడానికి చెయ్యి రాదు. అవునా, కాదా? ఆ పత్రిక తెచ్చి పక్కన పెట్టుకోండి. దేవుడి బొమ్మ ఉన్నంత మేర కత్తిరించి దేవుడి గూట్లో పెట్టేయండి. మిగిలిన అట్టతో మనకు పనుంది.

ఈ రోజు కదిలే కాగితం బొమ్మల గురించి మాట్లాడుకుందాం. రేడియోలో కాగితం బొమ్మ నేర్పడమంటే ఫోనులో ఈత నేర్పినట్టే. మీ చేతులు నాకు కనిపించవు, నా చేతులు మీకు కనిపించవు. అందుకని నెమ్మదిగా చెబుతాను. చెప్పిందే మళ్లీ చెబుతాను. విసుక్కోకండి.

నేనుండేది తుక్కుగూడలో. శ్రీశైలం రోడ్డు మీద, ఔటర్ రింగ్ రోడ్డు కలిసే చోట. శంషాబాద్‌లో దిగే విమానాలు మా మిద్దె మీద నిలబడితే కనిపిస్తుంటాయి. ఊరి పేరులోనే తుక్కు ఉంది కదా అని మా వియ్యంకుడు కలిసినప్పుడల్లా ఆట పట్టిస్తాడు. పట్టించనీయండి. మా ఇంట్లో తుక్కు ఉన్న మాట నిజమే. టీపొడి అట్టపెట్టెలు, అగరుబత్తి డబ్బాలు, కొత్త చొక్కా మడతలో వచ్చే అట్టలు, సంక్రాంతికి చిరిగిన పతంగుల పుల్లలు, ఇక పెళ్లి పత్రికలైతే ఒక సంచి నిండా ఉన్నాయి. బడిలో లెక్కల మాస్టారుగా పని చేసి రిటైరైనవాణ్ణి. పారేయడం నాకు రాదు. మా ఇంటామె ఆ సంచిని ఇప్పటికి మూడుసార్లు గేటు దాకా మోసింది. మూడుసార్లూ నేను వెనక్కి తెచ్చాను.

పోయిన వేసవి సెలవులకు మా మనవరాలు వచ్చింది. ఏడేళ్ల పిల్ల. ఫోను ఇయ్యనన్నానని మొహం ముడుచుకుని, ఆ సంచి ముందు కూర్చుంది. అగరుబత్తి డబ్బా ఒకటి తీసింది. అట్టతో నాలుగు చక్రాలు కత్తిరించింది. సూదితో చిల్లులు పొడిచి, పుల్లలు దూర్చి, బండి చేసింది. దారం కట్టి లాగింది. బండి తిన్నగా పోలేదు. ఒక్కో అడుగుకు ముందు భాగం లేస్తుంది, దబ్బున పడుతుంది. మళ్లీ లేస్తుంది, మళ్లీ పడుతుంది.

"తాతా, బండి సక్కగ పోతలేదు. కుంటుతుంది" అంది, కళ్లలో నీళ్లు పెట్టుకుని.

"ఏదీ బిడ్డా, ఇంకోసారి గుంజు" అన్నాను.

గుంజింది. నేను వంగి చూశాను. వెనక చక్రాలు బాగానే ఉన్నాయి. ముందు చక్రాలు రెండింటికీ చిల్లు మధ్యలో పడలేదు. పక్కకు జరిగింది. చిల్లు మధ్యలో ఉంటే చక్రం ఎటు తిరిగినా ఇరుసు ఒకే ఎత్తులో ఉంటుంది. చిల్లు పక్కకు జరిగితే, వెడల్పు వైపు కిందికి వచ్చినప్పుడు బండి లేస్తుంది, ఇరుకు వైపు వచ్చినప్పుడు దిగుతుంది. అంతే సంగతి. కాగితంతో ఒక కుందేలు కత్తిరించి ఆ డబ్బా మీద అంటించాను. "ఇప్పుడు గుంజు" అన్నాను.

కుందేలు గెంతుకుంటూ పోయింది.

ఆ పిల్ల నవ్వు నేను ఇక్కడ వినిపించలేను. కానీ మీరు ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. చిల్లు మధ్యలో ఉంటే చక్రం. చిల్లు మధ్య తప్పితే బొమ్మ కదులుతుంది. మళ్లీ చెబుతున్నాను: మధ్య తప్పిన చిల్లు. ఇవాళ మనం చేయబోయేదంతా దాని మీదే నడుస్తుంది.

ఈ విద్యకు పెద్ద పేరు తెచ్చింది జపాన్ వాళ్లు. వాళ్ల భాషలో కరకురి అనే మాట ఉంది. లోపల దాచిన యంత్రం, చమత్కారం, ఆ రెండూ కలిసిన అర్థం దానికి. మూడు వందల ఏళ్ల కిందటి సంగతులు. అప్పటికి కరెంటు లేదు, బ్యాటరీ లేదు, మోటారు లేదు. గడియారం చేసే విద్య యూరప్ నుంచి జపాన్‌కు చేరింది. ఆ గడియారం పళ్ల చక్రాలను వాళ్లు బొమ్మల కడుపులో పెట్టారు.

అందులో ఒక బొమ్మ కథ చెబుతాను, వినండి.

ఇంటికి చుట్టం వచ్చాడనుకోండి. చాప మీద కూర్చున్నాడు. ఆ మూల ఒక చిన్న బొమ్మ. జానెడు కన్నా ఎత్తు. ఒంటి మీద పట్టు బట్టలు, చేతుల్లో చిన్న పళ్లెం. ఇంటాయన టీ కప్పు తెచ్చి ఆ పళ్లెం మీద పెట్టాడు. కప్పు బరువు పడింది. బొమ్మ కదిలింది. కింద పాదాలు ఆడుతున్నాయి, తల ఊగుతోంది, నడిచి వస్తున్నట్టే ఉంది. చుట్టం ముందుకు వచ్చింది. ఆయన కప్పు తీసుకున్నాడు. బరువు తగ్గింది. బొమ్మ ఆగింది. ఆయన టీ తాగేదాకా అక్కడే నిలబడింది. ఖాళీ కప్పు మళ్లీ పళ్లెంలో పెట్టాడు. బొమ్మ వెనక్కి తిరిగింది. వచ్చిన దారినే వెళ్లిపోయింది.

చుట్టం నోరు తెరుచుకుని చూస్తుంటాడు, ఇంటాయన మీసం మెలేస్తుంటాడు. ఆ సుఖం కోసమే చేయించుకునేవారేమో అనిపిస్తుంది నాకు. టీ తాగడానికి బొమ్మెందుకు?

దాని కడుపులో ఉన్నది ఒక స్ప్రింగు. అదీ ఇనుముతో కాదు, తిమింగలం నోట్లో ఉండే పీచు పలకతో చేసింది. చెక్క పళ్ల చక్రాలు. కప్పు బరువుతో బ్రేకు వదులుతుంది. కప్పు తీస్తే బ్రేకు పడుతుంది. ఇక వెనక్కి తిరగడం ఎలా? అక్కడే ఉంది మన మధ్య తప్పిన వ్యవహారం. లోపల ఒక చక్రానికి ఒక చోట కొంచెం ముందుకు పొడుచుకొచ్చిన ముక్క ఉంటుంది. ఆ ముక్క తిరిగి తిరిగి వచ్చి ఒక కమ్మీకి తగలగానే, ముందరి చిన్న చక్రం పక్కకు మళ్లుతుంది. బొమ్మ తిరుగుతుంది.

ఇలాంటి విద్యలు మామూలుగా బయటికి రావు. తండ్రి కొడుక్కి చెబుతాడు, గురువు శిష్యుడికి చెబుతాడు, పక్కింటివాడికి చెప్పడు. మన దగ్గరా అంతే. కానీ 1796లో హొసొకవా హాంజో అనే ఆయన కరకురి జుయి అనే పుస్తకం అచ్చు వేశాడు. గడియారాలు ఎలా చేయాలి, ఈ టీ బొమ్మ ఎలా చేయాలి, ఏ ముక్క ఎంత కొలత, అన్నీ బొమ్మలు గీసి మరీ పెట్టాడు. ఆ పుస్తకం ఉండబట్టే మొన్న మొన్నటి ఇరవయ్యో శతాబ్దంలో జపాన్ వాళ్లు ఆ బొమ్మను మళ్లీ చేయగలిగారు. ఆయన అచ్చు వేయకపోతే ఇవాళ మీకు నేను ఈ కథ చెప్పేవాణ్ణే కాదు.

జపాన్ దాకా ఎందుకు, కరకురి లాంటి బొమ్మను మీలో చాలామంది కళ్లారా చూశారు. సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లారా? 1951లో తెరిచినప్పటి నుంచి మన వైపు పిల్లల్ని బడివాళ్లు బస్సెక్కించి తీసుకుపోయేది అక్కడికే. నేనూ ఎన్నిసార్లు తీసుకుపోయానో లెక్క లేదు. ముసుగు వేసుకున్న రెబెక్కా శిల్పం దగ్గర పిల్లలు రెండు నిమిషాలు నిలబడరు. గంటల గడియారం దగ్గరికి వచ్చేసరికి కదలరు. కుక్ అండ్ కెల్వీ అనే కంపెనీ వాళ్ల గడియారం అది. ఒక పక్క కమ్మరి సెకనుకో దెబ్బ చొప్పున సుత్తి వేస్తూనే ఉంటాడు. గంట అవబోతోందంటే గడ్డం ఉన్న బుల్లి మనిషి తలుపు తీసుకుని బయటికి వస్తాడు. గంట కొడతాడు. లోపలికి పోతాడు. పన్నెండు గంటలప్పుడైతే జనం కిక్కిరిసి కూర్చుంటారు, సినిమా హాలు లాగ.

ఒకసారి మా పిల్లల్లో ఒకడు అడిగాడు: "సార్, పన్నెండైందని వాడికెట్ల తెలుస్తది?"

వాడికేం తెలియదు. గంటలు కొట్టే గడియారాల్లో చాలావాటికి లోపల ఒక మెట్ల ముక్క ఉంటుంది. నత్త గుల్ల ఆకారంలో, చుట్టూ మెట్లు మెట్లుగా. అదీ గుండ్రం కాని చక్రమే. ఒంటిగంటకు ఒక మెట్టు, రెండింటికి రెండో మెట్టు. ఏ మెట్టు వస్తే అన్ని దెబ్బలు. బొమ్మకు లెక్కలు రావు. లెక్క ఆ ముక్క ఆకారంలో ఉంది.

ఆ రోజు నేను ఆ జవాబు చెప్పలేకపోయాను. "తర్వాత చెబుతా, లైను తప్పకండి" అన్నాను. పిల్లాడు మళ్లీ అడగలేదు. మాస్టార్లు అలా ఎన్ని ప్రశ్నలు మింగేస్తారో. ఆ బాకీ ఇవాళ రేడియోలో తీరుస్తున్నాను.

సరే. ఇక చేతులు కడుక్కుని రండి. ఒక పిట్టను చేద్దాం. పుల్ల తిప్పితే గెంతే పిట్ట.

కావలసినవి ఇవి. టీపొడి అట్టపెట్టె ఒకటి. పెళ్లి పత్రిక. పతంగుల నడుమ నిలువుగా ఉండే వెదురు పుల్లలు. కత్తెర, ఫెవికాల్. ఫెవికాల్ లేకపోతే మైదాపిండి ఉడికించిన బంక చాలు, మా చిన్నప్పుడు పతంగులన్నీ దానితోనే అతికాయి. టీపొడి ఇంకా ఉంటే ముందు డబ్బాలోకి ఒంపుకోండి. ఒంపకుండా పెట్టె కోసి నేను పడ్డ మాటలు మీరు పడొద్దు.

మొదట పెట్టె. దాన్ని నిలబెట్టండి. ముందు వైపు కిటికీ లాగ కోసేయండి, లోపల జరిగేది కనిపించాలి. ఇది మరిచిపోకండి, కిటికీ ముఖ్యం. కత్తెర మొన పిల్లల చేతికి ఇవ్వొద్దు, ఆ కోత పెద్దవాళ్లు కోయండి.

రెండోది, ఇరుసు. పెట్టెకు కుడి గోడ ఒకటి, ఎడమ గోడ ఒకటి. రెండింటికీ సగం ఎత్తులో, ఎదురెదురుగా చిల్లులు పెట్టండి. పుల్లను చాకుతో గీకి కొంచెం గుండ్రం చేసి, ఈ చిల్లులోంచి ఆ చిల్లులోకి దూర్చండి. పుల్ల సులువుగా తిరగాలి. బిగుసుకుంటే చిల్లు పెద్దది చేయండి.

మూడోది, అసలుది. పెళ్లి పత్రిక అట్ట మీద ఒక మందు సీసా మూత పెట్టి గీత గీయండి. గుండ్రంగా కత్తిరించండి. అలాంటివి మూడు కత్తిరించి ఒకదాని మీద ఒకటి అంటించండి, మందంగా గట్టిపడుతుంది. ఇప్పుడు చిల్లు. ఎక్కడ పెడతాం? మీరే చెప్పండి.

మధ్యలో కాదు. మధ్య నుంచి అర సెంటీమీటరు పక్కకు. చిటికెన వేలి గోరు వెడల్పులో సగం అనుకోండి. మళ్లీ చెబుతున్నాను: మధ్యలో కాదు, అర సెంటీమీటరు పక్కకు. అర సెంటీమీటరు తప్పిస్తే పిట్ట సెంటీమీటరు ఎగురుతుంది. తప్పినదానికి రెండింతలు లేస్తుంది, ఎందుకంటే ఒకసారి అర పైకి, ఒకసారి అర కిందికి. లెక్కల మాస్టారి బుద్ధి, చెప్పకుండా ఉండలేను.

ఈ బిళ్లను పెట్టె లోపలే పుల్లకు తొడిగి బంకతో అతికించండి. ఇంజనీర్లు దీన్ని క్యామ్ అంటారు. మా శ్రీశైలం రోడ్డు మీద బైకు మెకానిక్కును అడగండి, క్యామ్ అరిగిందంటాడు చూడండి, అదే ఇది. ఇంజను లోపల వాల్వుల్ని తెరిచి మూసేది అదే. మీ బైకులో ఇనుముతో ఉన్నది మీ టీపొడి పెట్టెలో పెళ్లి పత్రికతో ఉంది.

నాలుగోది. పెట్టె పైకప్పుకు ఒక చిల్లు. అందులో ఒక చిన్న కాగితం గొట్టం, చుట్ట చుట్టినట్టు చుట్టి నిలబెట్టి అంటించండి. ఆ గొట్టంలోంచి ఇంకో పుల్లను నిలువుగా దించండి. కింది కొసకు పది రూపాయల బిళ్లంత గుండ్రటి అట్టను పడుకోబెట్టి అతికించండి. ఆ అట్ట మన క్యామ్ మీద ఊరికే కూర్చుంటుంది, అంటించకూడదు. పై కొసకు పిట్ట. పిట్టను మీ ఇష్టం వచ్చినట్టు కత్తిరించుకోండి. నా పిట్ట పిచ్చుక లాగ ఉండాలనుకున్నాను, కోడిపిల్ల లాగ వచ్చింది.

చివరగా ఇరుసు పుల్ల బయటి కొసకు ఒక అట్ట పట్టీ, దానికొక చిన్న పుల్లముక్క. తిప్పడానికి పిడి అన్నమాట.

ఇప్పుడు తిప్పండి.

లేచిందా? కొందరి పిట్ట లేచి ఉంటుంది. కొందరిది లేవదు. లేవనివాళ్లతోనే నాకు ఎక్కువ పని.

పిట్ట లేచి పైనే ఉండిపోయిందా? గొట్టం బిగుతుగా ఉంది. లేదా పిట్ట బరువు చాలలేదు. కిందికి లాగేది భూమి తప్ప ఇంకెవరూ లేరు. కింది అట్టకు ఒక పాత రూపాయి బిళ్ల అంటించండి, దిగుతుంది. పిడి తిరుగుతుంది గానీ క్యామ్ తిరగడం లేదా? బంక ఇంకా ఆరలేదు. ఓపిక పట్టండి. టీ పెట్టుకోండి. ముసురు రోజుల్లో అయితే ఒక పూట పడుతుంది. శ్రావణంలో నేను చేసిన ఒక గుర్రం తడి గాలికి మెత్తబడి, మోకాళ్ల మీద కూర్చుండిపోయింది.

ఇంకో తమాషా ఉంది. క్యామ్‌ను పిట్ట పుల్లకు సరిగ్గా కింద పెడితే పిట్ట పైకి కిందికి మాత్రమే ఆడుతుంది. క్యామ్‌ను ఇరుసు మీద కొంచెం పక్కకు జరపండి. ఇప్పుడది పై అట్టను ఒక అంచు దగ్గర రాసుకుంటూ తిప్పుతుంది. పిట్ట గెంతుతూ, గెంతుతూ చుట్టూ చూస్తుంది. గింజలు ఏరుకునే పిట్ట అలాగే కదా, ఒక గెంతు, ఒక చూపు. మా మనవరాలు దీన్ని తనంతట తనే కనిపెట్టింది. బంక ఆరకముందే తిప్పింది, క్యామ్ పక్కకు జరిగింది, పిట్ట తిరిగింది. నేను సరిచేయబోతే నా చెయ్యి పట్టుకుంది. "ఉండనీ తాతా, మంచిగున్నది" అంది.

క్యామ్ గుండ్రంగానే ఉండాలని లేదు. కోడిగుడ్డు ఆకారంలో కోయండి, పిట్ట చాలాసేపు ఊరుకుని ఒక్కసారి లేస్తుంది. నత్త గుల్ల ఆకారంలో కోయండి, మెల్లగా లేచి లేచి దబ్బున పడుతుంది. కమ్మరి సుత్తి కావాలంటే ఇదే కోయాలి. ఒకటే షరతు, నత్త క్యామ్‌ను ఒకే వైపు తిప్పాలి. వెనక్కి తిప్పితే మెట్టు తట్టుకుని ఆగిపోతుంది, గట్టిగా తిప్పితే విరుగుతుంది. మా ఇంటికి వచ్చిన చుట్టాల పిల్లలు ముందు వెనక్కే తిప్పుతారు, ఎందుకో మరి.

అట్ట మడిచేటప్పుడు ఒక కిటుకు. సిరా అయిపోయిన బాల్ పెన్నుతో, స్కేలు పెట్టి ముందు ఒక గీత లాగండి. తర్వాత మడవండి. అంచు కత్తిలా వస్తుంది. ఇంకో కిటుకు. న్యూస్ పేపరు ఒక వైపు చింపితే తిన్నగా చిరుగుతుంది, ఇంకో వైపు చింపితే వంకర పోతుంది. చూశారా ఎప్పుడైనా? కాగితంలో పీచు ఒక వైపుకు పడుకుని ఉంటుంది, వరి గడ్డి పరిచినట్టు. పీచు వెంబడి మడిస్తే లొంగుతుంది, అడ్డంగా మడిస్తే మొరాయిస్తుంది. గొట్టం చుట్టేటప్పుడు రెండు వైపులా వంచి చూసి, లొంగే వైపే చుట్టండి. మనకు కాగితం పేరుతో ఒక పట్టణమే ఉంది, కాగజ్‌నగర్. 1938లో పెట్టిన సిర్పూరు పేపరు మిల్లుతో వచ్చిన పేరు. 2014లో ఆ మిల్లు మూతపడితే ఊరు ఊరంతా చిన్నబోయింది. 2018లో మళ్లీ తెరిచారు. కాగితమంటే రాసుకోవడానికే అనుకునేవాళ్లు ఒకసారి దాన్ని రెండు వైపులా వంచి చూడాలి.

కరకురి బొమ్మలు చేసిన జపాన్ వాళ్లలో ఒకాయన గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం పూర్తి కాదు. తనకా హిసాషిగే. 1799లో పుట్టాడు. తాబేటి చిప్పతో నగిషీ పని చేసే ఇంట్లో పుట్టి, కరకురి బొమ్మలతో ఊరూరా పేరు తెచ్చుకున్నాడు. ఆయన చేసిన వాటిలో విల్లు పట్టిన బాలుడి బొమ్మ ఉంది. ఆ బాలుడు బాణం తీస్తాడు, వింటికి తొడుగుతాడు, మొహం తిప్పి గురి చూస్తాడు, వదులుతాడు. అలా వరసగా నాలుగు బాణాలు. అందులో ఒకటి గురి తప్పేలాగ తనకా కావాలనే అమర్చాడని చెబుతారు. అన్నీ తగిలితే యంత్రమంటారు. ఒకటి తప్పితే, అయ్యో అని నిట్టూర్చి, తర్వాతి బాణానికి ఊపిరి బిగబట్టి చూస్తారు. మా మనవరాలి కుంటి బండి గుర్తొచ్చింది నాకు ఇది చదివినప్పుడు.

ఆ తనకాయే 1875లో, డెబ్బై అయిదేళ్ల వయసులో, టోక్యోలో టెలిగ్రాఫు పరికరాల దుకాణం పెట్టాడు. అది పెరిగి పెరిగి, ఇంకో కంపెనీతో కలిసి తోషిబా అయింది. అవును, ఆ తోషిబాయే. మా తుక్కుగూడలో ఔటర్ రింగ్ రోడ్డెక్కి పటాన్‌చెరు వైపు పోయి, ముంబయి రోడ్డు పట్టుకుంటే రుద్రారం వస్తుంది. అక్కడ తోషిబా వాళ్ల ట్రాన్స్‌ఫార్మర్ల ఫ్యాక్టరీ ఉంది. బాణాలు వేసే బొమ్మకీ మన వీధి కరెంటుకీ చుట్టరికం ఉందంటే నమ్ముతారా?

ఇప్పటి జపాన్ వాళ్లు కాగితంతోనే ఆ కరకురి విద్య చూపిస్తున్నారు. కేసుకే సాకా అనే పేపరు ఇంజనీరు కరకురి కాగితం బొమ్మలు ఎలా చేయాలో పుస్తకం రాశాడు, 2010లో ఇంగ్లీషులోనూ వచ్చింది. హరుకీ నకమురా అనే ఇంకొకాయన తన బొమ్మలకు కామికారా అని పేరు పెట్టుకున్నాడు. కామి అంటే కాగితం, కారా అంటే కరకురిలోని మొదటి సగం. ఆయన చేసిన ఒక పెంగ్విన్ ఉంది. అప్పడంలా చదునుగా నొక్కి చేతిలో పట్టుకుంటాడు. బల్ల మీద పడేస్తాడు. టప్‌మని లేచి పెంగ్విన్ అయి నిలబడుతుంది! లోపల ఉన్నదల్లా ఒక రబ్బరు బ్యాండు, తెలివిగా వేసిన మడతలు.

మన దేశంలో ఈ దారిలో నడిచినాయన అరవింద్ గుప్తా. ఐఐటీ కాన్పూరులో ఇంజనీరింగు చదివి, అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబులు, పాత న్యూస్ పేపర్లతో పిల్లలకు సైన్సు బొమ్మలు చేసి చూపించారు. 2018లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన పుస్తకాలు తెలుగులోకీ వచ్చాయి. బొమ్మను విరగ్గొట్టి లోపల చూసే పిల్లాడి మీద ఆయనకు కోపం రాదు. నాకు బడిలో వచ్చేది, ఒప్పుకుంటున్నాను.

మన జాతరల్లో అమ్మే బండి ఒకటుంది, గుర్తుందా? మట్టి చక్రాలు, మట్టి మూకుడుకు కాగితం బిగించిన చిన్న డప్పు, పైన రెండు పుల్లలు. తాడు కట్టి లాగుతుంటే డబడబ డబడబ మోగుతుంది. అమ్మ వద్దంటుంది, ఇల్లంతా గోలని. నాన్న కొనిస్తాడు. మేం మూడో రోజుకు డప్పు చింపేసేవాళ్లం. అప్పుడు గానీ లోపల కనిపించేది కాదు. ఇరుసు తిరిగినప్పుడల్లా ఒక మేకు పుల్ల తోకను తొక్కుతుంది, పుల్ల లేస్తుంది, మెలిపెట్టిన దారం దాన్ని డప్పు మీదికి విసురుతుంది. క్యామే! జాతరలో అమ్ముకునే ఆయనకు ఆ ఇంగ్లీషు మాటతో పని లేదు. తోలుబొమ్మలాట వాళ్లు భుజానికీ మోచేతికీ దారం ముడి వేసేటప్పుడు కూడా అంతే, ఎక్కడ ముడి పడితే చెయ్యి ఎంత మేర తిరుగుతుందో వేళ్లకే తెలుసు. ఈ విద్య మనకూ పాతదే. పదకొండో శతాబ్దంలో భోజరాజు రాసిన సమరాంగణ సూత్రధారంలో కదిలే యంత్రపు బొమ్మల గురించి ఒక అధ్యాయమే ఉంది.

ఇంటికి వచ్చినవాళ్లు నన్ను అడుగుతుంటారు, ఇవన్నీ యాభై రూపాయలకు ప్లాస్టిక్‌వి దొరుకుతాయి కదా మాస్టారూ అని. దొరుకుతాయి. బ్యాటరీ వేస్తే ఇంకా బాగా ఎగురుతాయి. నేను వాళ్లతో వాదించను. టీపొడి పెట్టె చేతికిచ్చి, తిప్పండి అంటాను. ముందు పిట్టను చూస్తారు. రెండు నిమిషాలకు తల వంచి కిటికీలోంచి లోపలికి చూడటం మొదలు పెడతారు. యాభై రూపాయల బొమ్మకు ఆ కిటికీ లేదు.

ఇప్పుడు మా ఎదురింటి అబ్బాయి సంగతి. ఇంటరు చదువుతున్నాడు. టీ బొమ్మ కథ విని, అట్టతో అది చేస్తానని పట్టు పట్టాడు. రబ్బరు బ్యాండే స్ప్రింగు. పళ్లెం కింద కమ్మీ పెట్టాడు, బరువు పడితే బ్రేకు వదులుతుంది. టీ కప్పు మోయలేదు గానీ సోడా మూతలో నాలుగు చుక్కలు పోసి పెడితే మోస్తుంది. మా వరండాలో గోడ దగ్గర నుంచి నా కుర్చీ దాకా వస్తుంది. నేను మూత తీస్తే ఆగుతుంది. అక్కడి దాకా బాగానే ఉంది. మళ్లీ పెడితే వెనక్కి తిరగడం లేదు. తిన్నగా నా చెప్పుల్లోకి పోయి పడుతుంది.

మొన్న రాత్రి ఇద్దరం దాని పొట్ట విప్పుకుని కూర్చున్నాం. పొడుచుకొచ్చిన ముక్క కమ్మీకి తగులుతోంది, కానీ అప్పటికే రబ్బరు బ్యాండు విప్పుకుని అలసిపోతోంది. ఇంకో రబ్బరు వేద్దామంటాడు వాడు. ముక్కను కొంచెం ముందుకు జరుపుదామంటాను నేను. మా ఇంటామె తలుపు దగ్గర నిలబడి, "తిరిగి రాకుంటే ఏమాయె, టీ నేను తెస్తలేనా" అంది.

ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం. ముక్క జరుపుతాం, రబ్బరు కూడా వేస్తాం.